సాయంత్రం కాదురా, పొద్దున్నే చదువు

ఒరేయ్,

నీ మెయిల్ అందింది. పొడుగాటి తిట్ల దండకం. సగం జర్మన్ వ్యాకరణానికి, సగం మీ మేనేజర్‌కి. మేనేజర్ సంగతి నా చేతుల్లో లేదు గానీ వ్యాకరణం గురించి నాలుగు ముక్కలు చెప్పగలను. జర్మన్‌లో బీ1 అనే మధ్య స్థాయి గట్టెక్కి ఇప్పుడు దాని పై మెట్టు బీ2 పుస్తకాలు ముందేసుకున్నవాణ్ణి కదా, ఆ మాత్రం అధికారం ఉందిలే.

"ఆఫీసు నుంచి వచ్చి పుస్తకం తీస్తే అరగంటలో కళ్లు మూసుకుపోతున్నాయి, నాకు భాషలు ఎక్కవేమో" అని రాశావు. నీకు భాష ఎక్కకపోవడం కాదు. రోజంతా మీటింగులకీ మెయిళ్లకీ అరిగిపోయిన బుర్రని రాత్రిపూట డెర్, డీ, డాస్ అంటూ నామవాచకాల లింగాలు అప్పజెప్పమంటే మొండికేయక ఏం చేస్తుంది? కష్టమైన పని ఆఫీసుకి ముందు పెట్టుకో, తేలికైనది తర్వాత. రాయడం, కొత్త వ్యాకరణం, బయటికి మాట్లాడటం పొద్దున్న. పాత పదాలు తిరగేయడం, వినడం సాయంత్రం, అదీ ఇంటికొచ్చే దారిలో. కాలేజీలో ఫస్ట్ అవర్‌లో నీ మొహం ఎవరూ చూసినట్టు గుర్తులేదు, కాబట్టి ఈ సలహా నీకు రుచించదని తెలుసు. అయినా చెప్తున్నాను.

ఇంకో మాట. ఉద్యోగం చేస్తూ మూణ్ణెల్లలో బీ1 అని ఎవడైనా చెప్తే నవ్వి ఊరుకో. మొదటి అక్షరం నుంచి బీ1 దాకా 45 నిమిషాల క్లాసులు 350 నుంచి 650 దాకా పడతాయని జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూటే చెప్తోంది. లెక్క కట్టు. రోజుకి గంటన్నర చొప్పున ఒక్కరోజు కూడా మానకుండా చదివితే దాదాపు ఆరు నెలల నుంచి పదకొండు నెలలు. మనకి రిలీజులూ, పెళ్లిళ్లూ, జ్వరాలూ ఉంటాయి కాబట్టి ఏడాది అనుకో. ఏడాది అనుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

నువ్వు రాయబోయేది గోథె పరీక్షే అయితే నీకో సుఖం ఉంది. బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ వేరువేరు మాడ్యూళ్లు. ఒక్కోదానికీ 100 మార్కులు, 60 వస్తే పాస్. ఏది పోతే అది ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. నాలుగూ ఒకే రోజు రాయాలన్న రూలు లేదు. చదవడం, వినడం ముందు రాసేసి, రాయడం, మాట్లాడటం కొంచెం ఆగి రాయడం మనలాంటి ఉద్యోగస్తులకి తెలివైన పని. కాకపోతే నిన్ను సర్టిఫికెట్ అడిగినవాళ్లు నాలుగూ ఒక్కసారే కావాలంటారా, ఫలానా తేదీ లోపు కావాలంటారా అన్నది ముందే కనుక్కో. టెల్క్ అనే ఇంకో పరీక్షల సంస్థ వాళ్ల బీ1 అయితే దారి వేరు, అక్కడ రాతపరీక్ష ఒకటి, మౌఖికం ఒకటి, రెండిట్లోనూ 60 శాతం తెచ్చుకోవాలి.

ఇక నువ్వు తిట్టిన వ్యాకరణం. అసలు చిక్కు ఏంటంటే నువ్వు జర్మన్‌ని ఇంగ్లీషులోంచి నేర్చుకుంటున్నావు. పుస్తకాలన్నీ అలాగే ఉన్నాయి మరి, నీ తప్పు కాదు. కానీ చాలా చోట్ల మన తెలుగే దగ్గర దారి. "వైల్" (ఎందుకంటే) తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుందని ఇంగ్లీషువాళ్లు గుండెలు బాదుకుంటారు. మనం పుట్టినప్పట్నుంచీ క్రియని చివర పెట్టే మాట్లాడుతున్నాం కదరా! "వైల్ ఇష్ మ్యూడె బిన్" (ఎందుకంటే నేను అలిసిపోయి ఉన్నాను) అన్నప్పుడు ఆ "బిన్" చివర ఉండటం మన చెవికి వింతేం కాదు. మామూలు వాక్యంలో మాత్రం క్రియ రెండో చోట కూర్చుంటుంది, అక్కడే మనం కాస్త జాగ్రత్తగా ఉండాలి.

డేటివ్ అనే విభక్తి కూడా అంతే. "మియర్ ఇస్ట్ కాల్ట్" అంటే ఇంగ్లీషువాడికి అది "నేను చలి" కాకుండా ఎందుకు పోయిందో అర్థం కాదు. మనకి "నాకు చలిగా ఉంది", అంతే. "నాకు నచ్చింది", "నీకు సాయం చేస్తాను" అన్నా జర్మన్‌లో డేటివే. మన "కి, కు" వచ్చే చోట డేటివ్ పెట్టి చూడు, చాలాసార్లు సరిపోతుంది. అన్నిసార్లూ కాదు, "నీకు ఫోన్ చేస్తాను" అన్నచోట వాళ్లు అక్యుజటివ్ (మన "ని, ను" లాంటి విభక్తి) వాడతారు. అలాంటివి కొన్నే ఉంటాయి, ఓ కాగితం మీద రాసి పెట్టుకో.

లింగాలకి మాత్రం తెలుగు సాయం రాదు. "ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్"తో ముగిసేవి డీ (స్త్రీలింగం), "ఖెన్"తో ముగిసేవి డాస్ (నపుంసకలింగం) అని గుర్తుంటే కొంత నయం. అమ్మాయి అనే మాట డాస్ మేట్‌ఖెన్ అయ్యింది కూడా అందుకే. మిగతావి పదంతో పాటే బట్టీ పట్టాలి, వేరే దారి లేదు. పదాలకి అంకి యాప్ పెట్టుకో. మర్చిపోబోయే ముందు మళ్లీ అడుగుతుంది. ఈ పద్ధతికి కాగితం రూపం కూడా ఉంది, సెబాస్టియన్ లైట్నర్ అనే ఆస్ట్రియన్ పాత్రికేయుడు 1970లలో ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పెట్టె. బీ1 పదాల జాబితా గోథె వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, సుమారు 2,400 పదాలు. వేరే జాబితాలు డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ నింపుకోకు.

రాయడం గురించి నువ్వు అడగలేదు గానీ మార్కులు ఊరికే పోయేది అక్కడే. 60 నిమిషాల్లో మూడు ప్రశ్నలు. స్నేహితుడికి మెయిల్ సుమారు 80 పదాలు, ఒక విషయం మీద నీ అభిప్రాయం ఇంకో 80, మర్యాదగా ఓ చిన్న మెయిల్ 40. మార్కులు వరసగా 40, 40, 20. స్నేహితుడి మెయిల్‌కి కింద మూడు పాయింట్లు ఇస్తారు. ఉదాహరణకి, పార్టీ ఎలా జరిగిందో చెప్పు, నీకేది బాగా నచ్చిందో, ఎందుకో రాయి, మళ్లీ కలుద్దామని అడుగు. చాలామంది మొదటిదాని మీద అద్భుతంగా అరపేజీ రాసి మూడోది మర్చిపోతారు. నువ్వు ముందు మూడిటికీ తలో రెండు వాక్యాలు రాసెయ్. ఒకచోట "వైల్", ఒకచోట "ఒప్‌వోల్" (అయినప్పటికీ) వచ్చేలా చూసుకో, ఆపైన టైముంటే అలంకారాలు. స్నేహితుడికి "డూ" (నువ్వు), మేనేజర్‌కి "జీ" (మీరు). చివర్లో ఈయనకి "మిట్ ఫ్రాయిన్ట్‌లిషెన్ గ్రూసెన్", వాడికి "లీబె గ్రూసె". అటుది ఇటు అయితే బాగోదు.

వినడం దగ్గర నాలుగు భాగాలుంటాయి. ఒకటీ నాలుగూ రెండేసిసార్లు వినిపిస్తారు, రెండూ మూడూ ఒక్కసారే. ఇంట్లో ప్రాక్టీసు చేసేటప్పుడు నువ్వు ప్రతిదీ వెనక్కి తిప్పి తిప్పి వింటావు, నాకు తెలుసు. ఆ రెండిటికీ అలా చేయకు. డాయిచె వెల్లె అనే జర్మన్ ప్రసార సంస్థ వాళ్లు వార్తల్ని నెమ్మదిగా చదివి పెడతారు, దారిలో వినడానికి బాగుంటాయి. అంకెలు విడిగా ప్రాక్టీస్ చెయ్. అరవై ఐదుని వాళ్లు ఐదూ అరవై అంటారు, టైములూ ఫోన్ నంబర్లూ వినేసరికి కంగారు పుడుతుంది.

మాట్లాడే పరీక్ష అంటే నీకు భయమన్నావు. నాకు చూడబోతే నీకు ఎక్కువ మార్కులొచ్చేది అందులోనే, నువ్వు నోరు మూసుకుని కూర్చున్నదెప్పుడు గనక? సాధారణంగా ఇద్దరిద్దరిని కూర్చోబెడతారు. సుమారు 15 నిమిషాలు, అంతకుముందు తయారవడానికి ఇంకో 15. మొదట ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి, ఆస్పత్రిలో ఉన్న ఫ్రెండ్‌ని చూడటానికి వెళ్లడం లాంటిది. ఎప్పుడు వెళ్దాం, ఏం తీసుకెళ్దాం, ఎలా వెళ్దాం. ఇక్కడ ఎదుటివాడు ఏమన్నా "సరే, సరే" అంటూ పోతే సంభాషణ చచ్చిపోతుంది. కావాలనే ఒప్పుకోకు. "ఆదివారం నాకు కుదరదు, శనివారం అయితే?" అను. అతను తడబడితే ఓ ప్రశ్న వేసి అందుకో, పోటీ పడకు. ఒకళ్లని తొక్కితే ఇంకొకళ్లకి మార్కులొచ్చే ఆట కాదిది.

తర్వాత ఒక విషయం మీద చిన్న ప్రసంగం. రెండిట్లో ఒకటి ఎంచుకోనిస్తారు. విషయం ఏదైనా అచ్చు ఒకటే: ఇది నా విషయం, నా అనుభవం ఇది, మా దేశంలో ఇలా ఉంటుంది, మంచీ చెడూ ఇవీ, థ్యాంక్స్. ఈ ఐదు మెట్లని కలిపే వాక్యాలు నిద్రలో లేపినా చెప్పేలా ఉండాలి, మధ్యలో సరుకు అప్పటికప్పుడు నింపుకోవచ్చు. చివర్లో ఎదుటివాడు నిన్నో ప్రశ్న అడుగుతాడు, నువ్వూ అతని ప్రసంగం మీద ఒకటి అడగాలి. కాబట్టి అతను మాట్లాడుతున్నప్పుడు నీ నోట్సు చూసుకుంటూ కూర్చోకు, విను.

ఇది ఒంటరిగా నేర్చుకునే పని కాదు, అద్దం ముందు ప్లాన్ చేయలేవు కదా. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను, ఎనిమిదింటికి. తెలుగులో ఒక్క ముక్క మాట్లాడినా పెట్టేస్తాను. విషయం నేనే ఇస్తా, నువ్వు ముందుగా తయారవడానికి వీల్లేదు. ఈలోగా గోథె సైట్‌లో నమూనా పేపరు ఒకటి దించుకుని, చదివే భాగం గడియారం పెట్టుకుని 65 నిమిషాల్లో రాసి చూడు. ఎన్నొచ్చాయో మెసేజ్ పెట్టు.

నీ
పాత బెంచీ మిత్రుడు