కారు ఏసీ చల్లబడకపోతే ముందు చూడవలసింది గ్యాసు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ నెల వచ్చిందంటే కడప, కర్నూలు, అనంతపురం పట్టణాల్లో కారు ఏసీ షెడ్ల ముందు బండ్లు బారులు తీరుతాయి. గాలి వస్తోంది గానీ చల్లదనం లేదన్నది వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది ఫిర్యాదు. బోనెట్ ఇంకా పూర్తిగా ఎత్తకముందే “గ్యాస్ అయిపోయింది సార్, పట్టేస్తే సరి” అన్న సమాధానం వస్తుంది. గ్యాసు పట్టిస్తారు, కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది, మరుసటి వేసవికి, ఒక్కోసారి ఆ వేసవిలోనే, బండి మళ్లీ అదే షెడ్డుకు వస్తుంది. పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి ఆటోమొబైల్ పాఠాలు చెప్పి విరమించిన వాడిగా ఈ పద్ధతి మీద నా అభ్యంతరాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, ముఖ్యంగా మెకానిక్ సోదరుల ముందు ఉంచదలిచాను.

ఏసీలోని గ్యాసు పెట్రోలు మాదిరి వాడుతుంటే తరిగిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అది తనను నొక్కి పంపే కంప్రెసర్ నుంచి, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు, అక్కడి నుంచి పీడనం తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మీదుగా డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌కు వెళ్లి తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర ఏళ్ల మీద కొద్దిగా పోవచ్చు గానీ, ఒక్క ఏడాదిలో చల్లదనం పడిపోయేంత తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు కనిపెట్టకుండా మళ్లీ గ్యాసు నింపడాన్ని మరమ్మతు అనడానికి నాకు మనసొప్పదు.

పైగా చల్లదనం తగ్గిన ప్రతి బండిలోనూ గ్యాసు తగ్గి ఉండదు. మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసింది కండెన్సర్ తంటా. ఎర్రగుంట్ల వైపు సిమెంటు, బూడిద లారీలు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల బండ్లు తిరిగే దారుల్లో రోజూ నడిచే కార్లకు గ్రిల్లు వెనక కండెన్సర్ రేకుల నిండా దుమ్ము పేరుకుంటుంది. కండెన్సర్‌కు, దాని వెనకున్న రేడియేటర్‌కు మధ్య చేరిన దుమ్మయితే ముందు నుంచి చూస్తే కనబడదు కూడా. ఈ సంగతి ఎంత ముఖ్యమో చెప్పాలంటే ఒక లెక్క చెప్పుకోవాలి. బయట 42 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు లోపలి వేడిని బయటికి వదలాలంటే కండెన్సర్‌లో గ్యాసు అంతకంటే బాగా వేడిగా, అంటే దాదాపు 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారాలి. ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాసుకు ఆ వేడి దగ్గర పీడనం సుమారు 230 పీఎస్‌ఐ (టైర్లలో గాలికి వాడే కొలతే) ఉంటుంది. రేకులు మూసుకుపోయినా, వాటి గుండా గాలి పారించే ఫ్యాను తిరగకపోయినా ఆ పీడనం ఇంకా పైకి పోతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది, మరీ ఎక్కువైతే ప్రెషర్ సెన్సార్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. బండి హైవే మీద పోతున్నంతసేపూ చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగగానే వేడిగాలి కొడుతోందంటే ముందుగా అనుమానించవలసింది ఈ ఫ్యానును, ఈ రేకులనే. ఫ్యాను రిలే మారిస్తే, కండెన్సర్‌ను నెమ్మదైన నీటిధారతో కడిగితే తీరిపోయే ఇబ్బందికి గ్యాసు పట్టి పంపిన బండ్లు ఎన్నో. కడిగేటప్పుడు వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెట్టి కొట్టకూడదు, ఆ అల్యూమినియం రేకులు మెత్తన, వంగిపోతే గాలి దారే మూసుకుపోతుంది.

గాలి తీవ్రతే తగ్గిపోయిన బండిలో గ్లవ్‌బాక్స్ వెనకుండే క్యాబిన్ ఫిల్టరును తీసి చూడాలి. ఆ పనికి చాలా మోడళ్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, అయినా ఏళ్ల తరబడి ఎవరూ దాని జోలికి పోరు. బయలుదేరినప్పుడు బాగా చల్లగా ఉండి, గంట ప్రయాణం తర్వాత గాలి మందగించి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ సర్దుకుంటోందంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతున్నట్టు లెక్క. ఏసీ స్విచ్ వేసినా కంప్రెసర్‌ను ఇంజనుకు కలిపే క్లచ్ అసలు పట్టుకోకపోతే ఫ్యూజు, రిలే, వైరింగు చూసుకోవాలి.

ఇక గ్యాసు పీడనం కొలిచే గేజి దగ్గరికి వస్తాను. ఇంజను ఆపి ఉండగా గేజి తగిలించి, సూది పైకి లేచింది కాబట్టి గ్యాసు నిండుగా ఉందనో, కాస్త కిందికి ఉంది కాబట్టి అయిపోయిందనో తేల్చేయడం చాలా చోట్ల చూస్తున్నాను. లోపల కొంచెమైనా ద్రవరూపంలో గ్యాసు మిగిలి ఉన్నంతవరకు ఆ సూది చెప్పేది ఆనాటి ఎండ ఎంతో మాత్రమే. 40 డిగ్రీల దగ్గర సగం గ్యాసున్న బండి అయినా, నిండుగా ఉన్న బండి అయినా ఇంచుమించు 130 పీఎస్‌ఐ చూపిస్తాయి. ఇంజను నడుస్తుండగా కంప్రెసర్‌లోకి గ్యాసు వచ్చే వైపు (లో సైడు), బయటికి పోయే వైపు (హై సైడు) గేజీలు రెండింటినీ కలిపి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది. రెండూ తక్కువగా ఉంటే గ్యాసు తగ్గిందని అనుమానించాలి. రెండూ ఎక్కువైతే కండెన్సర్ వేడి వదలడం లేదు, లేదా గ్యాసు మోతాదు మించింది, లేదా లోపల గాలి చేరింది. లో సైడు ఎక్కువగా, హై సైడు తక్కువగా ఉంటే కంప్రెసర్ నీరసించింది. మోతాదు మించి పట్టిన గ్యాసు కూడా చల్లదనాన్ని తగ్గిస్తుందని, అలాంటి బండికి ఇంకాస్త పట్టడం మంట మీద నూనె పోయడమేనని కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

మా బావమరిది ప్రొద్దుటూరు వైపు రోజూ తిరుగుతాడు. ఆయన కారుకు ఏటా వేసవి ముందు గ్యాసు పట్టించడం ఒక ఆనవాయితీగా మారింది. మొన్న బంపరు విప్పించి టార్చి వేసి చూస్తే కండెన్సర్ కింది మూలన అరచేతంత నల్లటి జిడ్డు మరక, దాని మీద దుమ్ము అట్ట కట్టి ఉంది. గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి లీకు ఉన్నచోట అది చెమర్చి దుమ్మును పట్టుకుంటుంది. మరక తుడిస్తే కంకర రాయి తగిలిన గుంట కనిపించింది, సబ్బు నురగ పూస్తే అక్కడే సన్నగా బుడగలు లేచాయి. లీకు వెతకడానికి ప్రతిసారీ ఖరీదైన పరికరమే కావాలన్న వాదన ఎవరైనా చేస్తే ఈ మరక గుర్తుకొస్తుంది.

లీకు సరిచేశాక కూడా పని అయిపోదు. నైట్రోజన్‌తో పీడన పరీక్ష చేయాలి, వాక్యూమ్ పంపు తగినంతసేపు నడిపి లోపలి గాలిని, తేమను లాగేయాలి, ఆపైన బోనెట్ కింద స్టిక్కరు మీద ఉన్నన్ని గ్రాములు కాటా మీద తూచి పట్టాలి. చిన్న కార్లలో అది అర కిలో లోపే ఉంటుంది కాబట్టి వంద గ్రాముల తేడా అంటే చిన్న విషయమేమీ కాదు. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోపలి భాగాలను తినేస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నూనె రకం కూడా వేరు. మామూలు కార్ల ఏసీల్లో వాడే పీఏజీ నూనె వాటిలో పోస్తే కరెంటు కంప్రెసర్‌కే ముప్పు.

గాలిలోకి వదిలేసిన గ్యాసు నష్టం బండి యజమానితో ఆగేది కూడా కాదు. ఒక కిలో ఆర్-134ఏ వాతావరణంలో కలిస్తే నూరేళ్ల లెక్కన 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడిని పెంచుతుంది. ఇలాంటి వాయువులను తగ్గించడానికి అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కుదిరిన కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇవ్వాలని 2019 నాటి జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకుంది కూడా. ఆ శిక్షణ మన జిల్లాల్లోని చిన్న షెడ్ల దాకా రావాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది కాబట్టి ఇకపై కార్లే కాదు, ఆ లారీలూ ఈ షెడ్లకే వస్తాయి.

అందువల్ల మూడు జిల్లాల ప్రభుత్వ ఐటీఐలు ఫిబ్రవరి నెలలో, అంటే సీజను మొదలుకాకముందే, స్థానిక మెకానిక్‌లకు సాయంత్రం పూట గేజి చదవడం, లీకు పరీక్ష, తూకం మీద గ్యాసు పట్టడం నేర్పే చిన్న తరగతులు పెట్టాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. ఏసీ పని చేసిన ప్రతి బిల్లు మీదా లీకు ఎక్కడ దొరికింది, పాత గ్యాసు ఎన్ని గ్రాములు తీశారు, కొత్తది ఎన్ని గ్రాములు పట్టారు అన్నవి రాసి ఇచ్చేలా మెకానిక్‌ల సంఘాలే ఒక నియమం పెట్టుకుంటే మరీ మంచిది. అప్పటిదాకా బండి యజమానులు టీ తాగడానికి పక్కకు వెళ్లకుండా కాటా దగ్గరే నిలబడి ఆ అంకెలను రాయించుకోవచ్చు.

ఇట్లు,
ఆటోమొబైల్ విభాగ విశ్రాంత అధ్యాపకుడు,
కడప