ప్రభు బల్ల దగ్గర సెల్ఫీలా?
మా గుంటూరు చర్చిల్లో ఆదివారం ఆరాధన రాన్రానూ వీడియో షూటింగులా తయారవుతోంది. మొన్న మా చర్చిలో ప్రభురాత్రి భోజనం, అంటే యేసు జ్ఞాపకంగా తీసుకునే రొట్టె, ద్రాక్షరసం ఇస్తుండగా నా పక్కన మోకరించిన కుర్రాడు ఎడమచేత్తో రొట్టె అందుకుని కుడిచేతిలోని ఫోన్‌తో సెల్ఫీ తీసుకున్నాడు, అంతలో లైవ్ ఇచ్చే కెమెరా అతను బలిపీఠం మెట్లెక్కి పాస్టరు అయ్యగారిని కాస్త జరగమని సైగ చేశాడు, ఆయన జరిగారు కూడా! 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ లూథరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషన్ మొదలుపెట్టిన ఊరు ఇది, భక్తి మనకు కొత్త కాదు. గుమ్మం బయట చెప్పులు విడుస్తాం, ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు, మరి లోపలికి రాగానే ఆ భయం ఏమవుతోందో. బైబిల్లో యెషయా 6వ అధ్యాయంలో సెరాపులనే దూతలు ఆరు రెక్కల్లో రెండింటితో ముఖం, రెండింటితో కాళ్లు కప్పుకుని 'పరిశుద్ధుడు' అని మూడుసార్లు అంటారు, వాళ్లే ముఖం దాచుకుంటే మనం అదే సన్నిధిలో రీల్‌కి యాంగిల్ వెతుక్కుంటున్నాం. లైవ్ వద్దనను, మంచం దిగలేని మా అమ్మ దాంట్లోనే వాక్యం వింటుంది. కాకపోతే కెమెరా ఒక్కటే ఉండాలి, అదీ వెనక గోడ దగ్గర స్టాండు మీద, ప్రభురాత్రి భోజనం మొదలవగానే ఆపేయాలి. గంట కొట్టాక ఐదు నిమిషాలు కీబోర్డు, డ్రమ్స్ ముట్టుకోకుండా అందరూ మౌనంగా కూర్చోవాలి. గుమ్మం దగ్గర ఫోన్లు సంచిలో వేయించే పని సంఘపెద్దలు చూసుకోవాలి, ముందు వాళ్ల జేబుల్లోవి వేస్తే కుర్రాళ్లు మాట్లాడకుండా వేస్తారు.
- ఒక సంఘ సభ్యుడు, గుంటూరు