గేట్లు చూసి వచ్చేయకండి, బుద్ధవనంలో ఒక పూట ఉండండి

సంపాదకుల గారికి నమస్కారం.

మాది మిర్యాలగూడ. నాగార్జునసాగర్ అంటే మాకు పొరుగూరి కిందే లెక్క, గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు ఇంటిల్లిపాదీ బయల్దేరతాం, నీళ్లు చూసి, చేపలు తిని, చీకటి పడేసరికి ఇల్లు చేరతాం. ఇన్నేళ్లూ నేనూ అంతే. అక్కడే ఉన్న బౌద్ధ పార్కు బుద్ధవనాన్ని 2022 మే 14న తెరిచారు, అయినా దాని పక్క నుంచి పోవడమే తప్ప లోపల అడుగు పెట్టలేదు. పోయిన నెల నాలుగో తరగతి చదివే మా మనవరాలిని తీసుకుని పొద్దున్నే వెళ్లాను. ఆ రోజు చూసింది మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

274 ఎకరాలు కాబట్టి అంతా ఒక్కసారే తిరగాలని పెట్టుకోకండి. మేము శ్రీలంక వాళ్లు ఇచ్చిన అవుకన బుద్ధుడి దగ్గరే ఆగిపోయాం. 27 అడుగుల విగ్రహం. దూరం నుంచి ఎత్తు ఒక్కటే తెలుస్తుంది, దగ్గరికి పోతే కళ్లు ఆ చీవరం, అంటే భిక్షువులు కప్పుకునే వస్త్రం, మీద పడతాయి, తడిసిన బట్ట ఒంటికి అతుక్కున్నట్టు సన్నటి మడతలు ఒకదాని పక్కన ఒకటి కిందిదాకా జారుతూ ఉంటాయి. మా పిల్ల తల పైకెత్తి మడతలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మోకాలి దగ్గరికి వచ్చేసరికి తప్పిపోయి, మళ్లీ భుజం నుంచి మొదలుపెట్టింది.

దీనికి మూలమైన విగ్రహం శ్రీలంకలోని అవుకన అనే చోట కొండరాతిలో చెక్కి ఉంది, దాని ఎత్తు 40 అడుగులకు అటూ ఇటూ. ఆ మడతల పనిలో మన అమరావతి శిల్పుల ప్రభావం ఉందంటారు. నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం అనే మాట ఉంది, అంటే క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల కాలంలోనే ఆ దేశపు భిక్షువులకు ఈ లోయలో ఒక నివాసం ఉంది. మన దగ్గరి నుంచి సముద్రం దాటి వెళ్లిన పనితనం ఇన్ని వందల ఏళ్లకు ఇలా బుద్ధుడి రూపంలో ఇంటికి వచ్చిందే అనుకుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ లోయ ఇప్పుడు లేదు, డ్యామ్ కట్టాక నీళ్ల కిందికి పోయింది, కొన్ని కట్టడాలను మాత్రం విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు.

మహాస్తూపం 21 మీటర్ల ఎత్తు, 42 మీటర్ల వ్యాసం. లోపల డోమ్ కింద కూర్చుని చూడండి. ఎవరూ మాట్లాడకపోతే మన ఊపిరి మనకే వినిపిస్తుంది. ఫోన్లు మాత్రం సైలెంట్‌లో పెట్టుకోండి, దయచేసి.

జాతక వనంలో 40 జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, రాతిలో చెక్కి పెట్టారు. అక్కడి నీడలో కూర్చుని, అతిథికి పెట్టడానికి ఏమీ లేక తనే మంటలో దూకిన కుందేలు కథ చెప్పాను. "చందమామలో ఉన్నది ఆ కుందేలేనా నానమ్మా?" అంది. అవునన్నాను. శిబి చక్రవర్తి కథ తనకు ముందే తెలుసు, అదీ జాతకాల్లో ఉందంటే నమ్మలేదు.

మేము ఇంకా అక్కడే ఉండగా ఒక స్కూలు బస్సు వచ్చింది. ఏ స్కూలో చెప్పను, వాళ్లొక్కరనే కాదు కదా. పిల్లలను వరసగా నిలబెట్టి, గ్రూప్ ఫోటో తీసి, "త్వరగా, త్వరగా, డ్యామ్‌కి లేటవుతుంది" అంటూ ఎక్కించేశారు. గట్టిగా ఇరవై నిమిషాలు ఉన్నారేమో. ఒక బాబు మాత్రం ఒక ఏనుగు బొమ్మ దగ్గర ఆగిపోయి "సార్, ఈ ఏనుగు ఏం చేస్తోంది?" అని అడిగాడు. జవాబు చెప్పకుండానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయారు. నాకు ఇప్పటికీ ఆ పిల్లాడి ముఖమే గుర్తొస్తోంది. సార్లను తిట్టడానికి కాదు రాస్తున్నది, రోజంతా నలభై మంది పిల్లలను లెక్క చూసుకోవాలి, వాళ్ల టెన్షన్ వాళ్లది, పైగా ఆ కథలు వాళ్లకు మాత్రం ఎవరు చెప్పారని.

అందుకే అడుగుతున్నాను. టూర్ పెట్టే టీచర్లు బయల్దేరే ముందు క్లాసులో రెండు మూడు జాతక కథలు చెప్పి తీసుకురండి, డ్యామ్ కోసం ఎంత టైమ్ ఉంచుతారో దీనికీ అంతే ఉంచండి. కుటుంబంతో వచ్చేవాళ్లు ఎండ ముదరకముందే రండి. సంపాదకుల గారూ, మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికి ఒక జాతక కథ వేయగలరా? పాళీ జాతకాలు మొత్తం 547 ఉన్నాయి, కథలకైతే కొరత రాదు. మొదటి వారం ఏనుగు కథ వేయండి, ఆ బాబు ఇంటికి మీ పేపరు వస్తుందేమో.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మిర్యాలగూడ