మొదటి సిజేరియన్‌లో ఏం జరిగిందో ఆ తల్లి చేతికే రాసివ్వండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను లేబర్ రూములో పనిచేసే నర్సుని. మొదటి కాన్పు ఆపరేషనై, మళ్లీ కడుపుతో వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. వాళ్ల కేస్ షీటు మీద ముందుగా పడే మాట "పాత సిజేరియన్". చాలా ఆసుపత్రుల్లో ఆ మాట రాశాక ఇంకెవరూ ఏమీ అడగరు, ఆపరేషన్‌కు తేదీ చూడటమే తరువాయి. ఆమె అడిగితే మాత్రం "ఒకసారి కోశాక మళ్లీ నొప్పులు పడితే కుట్లు విచ్చుకుంటాయమ్మా" అంటారు. అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.

పూర్తి నిజం వైద్యుల సంఘాల మార్గదర్శకాల్లోనే ఉంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ లెక్క ప్రకారం, ఒక సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించేవాళ్లలో 72 నుంచి 75 శాతం మందికి అది నెరవేరుతుంది. అంతకుముందు ఒక్క మామూలు కాన్పయినా అయి ఉంటే 85 నుంచి 90 శాతం. గర్భసంచి మీది పాత కుట్టు చిట్లడం సుమారు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. 2004లో అమెరికాలో 17,898 మంది స్త్రీల కాన్పులను గమనించి ప్రచురించిన అధ్యయనంలో అది 0.7 శాతంగా తేలింది.

200లో ఒకరు అంటే తక్కువే కదా అని నేను అనను. చిట్లినప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ అనరు. ముందు బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంది. నిమిషాల్లో థియేటర్‌లోకి తీసుకెళ్లాలి. రక్తం ఆగకపోతే గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు, బిడ్డకు ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతినవచ్చు. ఆ భయం న్యాయమైనదే. కానీ భయం ఒకవైపే చూపిస్తే అది సలహా కాదు, తోయడం అవుతుంది. మళ్లీ ఆపరేషన్ చేయించుకోవడానికీ ఒక ఖాతా ఉంది, దాన్ని ఆమె ముందు ఎవరూ తెరవరు.

ఆ ఖాతాలో మొదట చూడాల్సింది మాయ (ప్లాసెంటా) గురించి. పాత కోత మచ్చ మీద మాయ అతుక్కుని కండలోకి దిగిపోతే, కాన్పు సమయంలో అది ఊడి రాదు. మాయ కిందికి ఉండి గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేసిన గర్భిణుల్లో ఇలా జరగడం మొదటి సిజేరియన్‌లో 3 శాతం, రెండో దానిలో 11 శాతం, మూడోదానిలో 40 శాతం అని 2006లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనం చెబుతోంది. మూడో బిడ్డ కావాలనుకునే ఆమెకు రెండో కాన్పు ఎలా జరగాలన్నది అందుకే అంత ముఖ్యం. తల్లి ప్రాణానికి వచ్చే ముప్పు చూసినా, రాయల్ కాలేజ్ పత్రంలో మామూలు కాన్పుకు ప్రయత్నించినవాళ్లలో లక్షకు 4 మరణాలు, ముందే తేదీ పెట్టుకుని మళ్లీ సిజేరియన్ చేయించుకున్నవాళ్లలో లక్షకు 13. రెండూ చాలా అరుదే. బిడ్డ విషయంలో మాత్రం తక్కెడ కాస్త రెండోవైపు మొగ్గుతుంది: కాన్పు సంబంధంగా బిడ్డ చనిపోయే ముప్పు ప్రయత్నంలో పదివేలకు 4, తేదీ పెట్టుకున్న ఆపరేషన్‌లో పదివేలకు 1 లేదా అంతకన్నా తక్కువ. ఆ 4 అనేది మొదటి కాన్పు నొప్పుల్లో ఏ తల్లికైనా ఉండే ముప్పుతో సమానం. ఈ సంఖ్యలన్నీ ఒకేచోట విని ఆపరేషనే కావాలన్న స్త్రీలను చూశాను, వద్దన్నవాళ్లనూ చూశాను. ఇద్దరూ తెలివైనవాళ్లే.

"ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే" అన్న సూత్రానికి నూరేళ్లు దాటాయి. 1916లో ఎడ్విన్ క్రాగిన్ అనే న్యూయార్క్ డాక్టర్ రాసిన మాట అది. అప్పట్లో గర్భసంచి పైభాగంలో నిలువుగా కోసేవారు. బలంగా ముడుచుకునే కండ అదే కాబట్టి ఆ కుట్టు నిజంగానే ప్రమాదకరం. అయినా ఆయన ఆ వ్యాసంలోనే మినహాయింపులు ఉంటాయనీ, తన దగ్గర సిజేరియన్ అయిన ఒకావిడకు తర్వాత మామూలు కాన్పులు జరిగాయనీ ఒప్పుకున్నారు. ఆయన అసలు ఉద్దేశం, అవసరం లేని మొదటి ఆపరేషన్ చేయకండని తోటి డాక్టర్లను హెచ్చరించడం. హెచ్చరిక ఎవరికీ గుర్తు లేదు. సూత్రం మాత్రం అందరి నోటా ఉంది. తర్వాత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోయడం వచ్చింది. ఇప్పుడు అత్యధిక శాతం ఆపరేషన్లు అవే, పైన చెప్పిన లెక్కలన్నీ ప్రధానంగా ఆ కోతకు సంబంధించినవే. పాత పద్ధతి నిలువు కోత ఉంటే చిట్లే ముప్పు 4 నుంచి 9 శాతం దాకా పోతుంది, అలాంటివాళ్లకు నొప్పులు రానివ్వకూడదు.

అయ్యా, నా లేఖ అంతా ఇక్కడికి రావడానికే. ఆమె గర్భసంచి మీద ఏ కోత ఉందో ఎలా తెలియాలి? పొట్ట మీది మచ్చ చూస్తే తెలియదు. చర్మం మీద అడ్డంగా ఉన్నా లోపల నిలువుగా కోసి ఉండవచ్చు, ముఖ్యంగా నెలలు బాగా తక్కువగా ఉన్నప్పుడు, లేదా బిడ్డ అడ్డం తిరిగినప్పుడు. అడ్డంగా కోసింది బిడ్డను తీసేటప్పుడు పైకి చిరిగి ఉండవచ్చు. ఇవన్నీ తెలిసింది ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఒక్కరికే. వాళ్లు రాసిన నోట్సు ఆ ఆసుపత్రి రికార్డు గదిలో ఎక్కడో ఉంటుంది. తల్లి చేతికి వచ్చే డిశ్చార్జ్ కాగితంలో ఆపరేషన్ పేరు, తేదీ, తల్లీబిడ్డా క్షేమం, మందుల జాబితా, అంతే. ఎందుకు కోశారో కూడా చాలాసార్లు ఉండదు. బిడ్డ ఎదురు కాళ్లతో ఉన్నందుకు కోస్తే ఆ కారణం మళ్లీ రావాలని లేదు, ఈసారి మామూలు కాన్పుకు అవకాశం బాగా ఎక్కువ. నొప్పులు వచ్చి, గంటలు గడిచినా బిడ్డ దిగకపోతే కోసినవాళ్లలో ఆ అవకాశం కొంత తగ్గుతుంది. ఈ రెండు కేసులూ మా దగ్గరికి ఒకే కాగితంతో వస్తాయి.

కోత వివరాలు తెలియనంత మాత్రాన ప్రయత్నం వద్దనక్కర్లేదని, నిలువు కోత అయి ఉండవచ్చన్న గట్టి అనుమానం ఉంటేనే ఆగాలని అమెరికన్ ప్రసూతి వైద్యుల కాలేజ్ చెబుతోంది. పుస్తకంలో అది సరే. రాత్రి రెండింటికి డ్యూటీలో ఒంటరిగా ఉన్న డాక్టరుకు, చేతిలో ఏ కాగితమూ లేని పేషెంటు నొప్పులతో వస్తే, ఆ డాక్టరు కత్తి పట్టుకోవడంలో నాకు తప్పు కనిపించదు. నేనైనా అదే కోరుకుంటాను.

అందుకే మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు కావాలి. సిజేరియన్ చేసిన ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఇంటికి పంపేటప్పుడు తల్లికి ఒక పేజీ ఇవ్వాలి. ఎందుకు కోశారు, అప్పటికి గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, గర్భసంచి మీద కోత ఎక్కడ, ఏ వైపు, ఎంత చిరిగింది, ఎలా కుట్టారు, బిడ్డ బరువెంత, తర్వాత జ్వరం గానీ చీము గానీ వచ్చిందా అన్నవి అందులో ఉండాలి. చివర డాక్టరు ఒక్క వాక్యం రాయాలి: వచ్చేసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా, లేదా, ఎందుకు. ఆ వాక్యం ఆమె చదువుకునే భాషలో ఉండాలి. తర్వాతి కాన్పుకు కనీసం ఏడాదిన్నర ఎడం ఉండటం మంచిదన్న మాట కూడా ఆ పేజీలోనే చేరితే బాగుంటుంది, ఎడం తగ్గేకొద్దీ కుట్టు చిట్లే ముప్పు పెరుగుతుంది కాబట్టి.

కాగితంతో పాటు ఇంకొక నిజం బయటపడాలి. ప్రయత్నం సురక్షితంగా జరగాలంటే థియేటర్, మత్తు డాక్టర్, రక్తం, పక్కనే ఉండి బిడ్డ గుండె చప్పుడును ఆపకుండా గమనించే మనిషి ఉండాలి. ఇవి లేని ఆసుపత్రిలో "మేం చేయం" అనడం నిజాయితీ. కానీ ఆ మాట ఆమెకు తొమ్మిదో నెలలో కాదు, మూడో నెలలో తెలియాలి, అప్పుడైతే ఉన్నచోటికి వెళ్లగలుగుతుంది. ఏ ఆసుపత్రిలో ఏ వేళల్లో ఈ ఏర్పాట్లు ఉన్నాయో మీ శాఖ అడిగి ప్రకటించాలి. పగలు ఉండి రాత్రి లేకపోతే అలాగే రాయమనండి. నొప్పులు గడియారం చూసి రావు.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. సిజేరియన్ల శాతం ఇంతకు తగ్గించాలని లక్ష్యాలు పెట్టకండి. సమీక్షా సమావేశాల్లో శాతాలు చదివించుకోవడం పై అధికారులకు ఎంత ఇష్టమో మాకు తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. ఇంగ్లండ్‌లో ఆ దారిన వెళ్లి వెనక్కి వచ్చారు. ఆసుపత్రుల పనితీరు కొలవడానికి మొత్తం సిజేరియన్ల శాతాన్ని వాడొద్దని 2022 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ ఆరోగ్య సేవ ఆదేశించింది. అమెరికాలో కథ రెండువైపులా తిరిగింది. 1990ల మధ్యలో పాత సిజేరియన్ ఉన్నవాళ్లలో నూటికి 28 మంది దాకా మామూలుగా ప్రసవించారు. కొన్ని బీమా సంస్థలు అందరికీ ప్రయత్నం తప్పనిసరి చేశాయి, తగనివాళ్లనూ తోశారు, కుట్లు చిట్లాయి, కేసులు పడ్డాయి. 1999లో అక్కడి ప్రసూతి వైద్యుల కాలేజ్, అత్యవసర ఆపరేషన్ చేయగల డాక్టరు "తక్షణమే" అందుబాటులో ఉండాలని మార్గదర్శకంలో రాసింది. ఆ తర్వాత ఎన్నో ఆసుపత్రులు ఈ కాన్పులే మానేశాయి, పదేళ్లు తిరక్కుండా ఆ శాతం పదిలోపుకు పడిపోయింది. 2010లో మళ్లీ సడలించాల్సి వచ్చింది. పైనుంచి వచ్చే ఒక్క మాటకు అంత బలం ఉంది.

నొప్పులు తెప్పించే మందుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లక్ష్యం పెడితే ముందు చేతికొచ్చేవి అవే. 2001లో వచ్చిన అధ్యయనంలో నొప్పులు వాటంతటవే వచ్చినప్పుడు వెయ్యి మందిలో సుమారు 5 మందికి కుట్లు చిట్లితే, ప్రోస్టాగ్లాండిన్ మందులతో తెప్పించినప్పుడు ఆ సంఖ్య 24 దాటింది. పాత సిజేరియన్ ఉన్నామెకు నెలలు నిండాక అదే రకం మందైన మిసోప్రోస్టాల్ పెట్టి నొప్పులు తెప్పించకూడదన్నది లేబర్ రూములో గోడ మీద ఉండాల్సిన మాట. అన్ని గోడల మీదా లేదు.

ఆ ఒక్క పేజీ నమూనా తయారు చేయడానికి కమిటీ అక్కర్లేదు. ఇద్దరు ప్రసూతి డాక్టర్లు, ఒక మత్తు డాక్టర్, ఒక నర్సు, మొదటి సిజేరియన్ అయిన ఒక తల్లి కలిసి కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. మీరు పిలిస్తే నేను సెలవు పెట్టి వస్తాను.

ఇట్లు,
లేబర్ రూము నర్సు ఒకరు