మెట్లు కట్టించిన వర్తకుణ్ని దొరను చేయకండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో చెన్నై వేపేరిలోని సెయింట్ మత్తియాస్ చర్చి గురించి వ్యాసం వేశారు. అందులో కోజా పెట్రస్ ఉస్కాన్‌ను ‘ఆంగ్లేయ దొర’ అన్నారు. మర్నాడు సవరణ వస్తుందని చూశాను. ఆ తర్వాతా చూశాను. సవరణ రాలేదు కానీ, అది రావలసిన మూలలో కళ్యాణ మండపం ప్రకటన మాత్రం రోజూ వస్తోంది.

ఉస్కాన్ దొరా కాడు, ఆంగ్లేయుడూ కాడు. పర్షియాలోని జుల్ఫాకు చెందిన ఆర్మీనియన్ వర్తకుడు. 1724లో మద్రాసు వచ్చి స్థిరపడ్డాడు. సైదాపేట దగ్గర అడయారు నది మీద మర్మలాంగ్ వంతెనను 1726లో సొంత డబ్బుతో కట్టించాడు. కట్టించి చేతులు దులుపుకోలేదు. దాని మరమ్మతులకు విడిగా సొమ్ము కూడా కేటాయించాడు. ఈ చివరి మాటను మన ఇంజనీర్లు రెండుసార్లు చదువుకుంటే మంచిది. ఆ వంతెన పోయి, 1966లో కొత్తది వచ్చింది. మిగిలిన రాతిపలక మీద ఉన్నవి పర్షియన్, ఆర్మీనియన్, లాటిన్ భాషలు. ఇంగ్లీషు లేదు. మీ ఆంగ్లేయ దొరకు తన భాషే గుర్తు రాలేదా?

మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ కొండకు మెట్లు కట్టించినదీ ఆయనే. అలిపిరి మెట్లెక్కి మోకాళ్లు పట్టుకుని కూర్చున్న ఏ తిరుపతివాడికైనా మెట్లు కట్టించినవాడి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ మట్ల అనంతరాజును తలుచుకుంటాం కదా, అక్కడ ఈయన. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నప్పుడు ఆస్తి చాలావరకు పోగొట్టుకున్నాడు. 1751లో కన్నుమూశాక, వేపేరిలో తాను కట్టించిన ప్రార్థనాలయంలోనే పూడ్చారు. గుండెను మాత్రం పెట్టెలో పెట్టి జుల్ఫాకు పంపారట. నిరుడు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, ఆ సమాధి రాయి దగ్గర కాసేపు నిలబడి వచ్చాను. ఆటో అబ్బాయి ‘ఎవరు సార్, మీ బంధువులా’ అని అడిగాడు. ఔనన్నాను.

ఇంత కోపం ఎందుకంటే, ఇలాంటి రాయి మా చర్చిలోనూ ఒకటి ఉంది. ఉండేది అనాలేమో. జవుళి వ్యాపారం చేసి, ఆ లాభంలో ఊరికి బావి తవ్వించిన పెద్దమనిషి పేరిట గోడలో పొదిగిన నల్లరాతి పలక అది. కులమతాలు అడగకుండా వీధి వీధంతా ఆ నీళ్లు తోడుకుంది. ఆయన పేరు ఇక్కడ రాయను, కుటుంబం ఊళ్లోనే ఉంది. రెండేళ్ల కిందట గోడలకు రంగులు వేయించినప్పుడు, మేస్త్రీ పుట్టీ చేత్తో ఆ పలకనూ వదలలేదు. తర్వాత దాని మీద రెండు పూతలు లేత పసుపు. చిన్నప్పుడు ప్రసంగం సాగుతుంటే వేలితో దిద్దుకుంటూ కూర్చున్న అక్షరాలవి. మొన్న గోటితో గీకితే ఒక ‘ర’ ఒత్తు, సంవత్సరంలో చివరి అంకె బయటపడ్డాయి. సంఘ పెద్దలను అడిగితే ‘గోడంతా ఒకే రంగుగా ఉంటే బాగుంటుందని’ అన్నారు. బాగానే ఉంది. ఆస్పత్రి గోడలా ఉంది.

చర్చి పెద్దలను మాత్రమే అంటే అన్యాయం. మా వీధి చివర బస్సు షెల్టరు ఉంది. దాని శిలాఫలకం నల్ల గ్రానైటు, బంగారు అక్షరాలు, తొమ్మిది పేర్లు. ఒకరి పేరు ఇంకొకరి పేరు కింద పడిందని మొదటి ఫలకం తీసేసి రెండోది చెక్కించారు. షెల్టరు మీది రేకు ఎగిరిపోయి ఏడాదైంది. దానికి రెండోది లేదు. వానలో నిలబడ్డవాళ్లం ఆ తొమ్మిది పేర్లూ కంఠస్థం చేశాం.

966లో సామవై అనే పల్లవ రాణి వెండి భోగ శ్రీనివాసమూర్తిని, నగలను, భూమిని తిరుమల స్వామికి ఇచ్చిన సంగతి మనకు ఇవాళ తెలుస్తున్నదంటే, శాసనం చెక్కినవాడు శ్రద్ధగా చెక్కాడు, తర్వాతివాళ్లు దాని మీద సున్నం కొట్టకుండా ఊరుకున్నారు. అంత పెద్ద పనేమీ కాదు. ఊరుకోవడమే.

కాబట్టి మొదట మీ సవరణ వేయండి. ‘ఆంగ్లేయ దొర’ తప్పు, ‘ఆర్మీనియన్ వర్తకుడు’ ఒప్పు. ఒక్క వాక్యం చాలు, ప్రకటన కిందైనా ఫరవాలేదు. తర్వాత మీ విలేకరిని మా చర్చికి పంపండి, పలక ఎక్కడుందో నేను చూపిస్తాను. మెత్తని బ్రష్షు, బకెట్టు నీళ్లు నా దగ్గర ఉన్నాయి. మేస్త్రీని మాత్రం వెంట తీసుకురావద్దని చెప్పండి.

— ఒక పాత పాఠకుడు, తిరుపతి