ఆఫీసులో బుక్ క్లబ్ పెడితే అందరూ కూర్చోగలిగేలా పెట్టాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి ఆ వారంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని కార్యాలయాలు, ఆసుపత్రులు, కర్మాగారాలు తమ ఉద్యోగుల కోసం బుక్ క్లబ్బులు మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కులం, మతం, లింగం, వైకల్యం, భాష కారణంగా మన మధ్యనే ఉంటూ పక్కన మిగిలిపోతున్న సాటి ఉద్యోగుల జీవితాలను చదివి మాట్లాడుకునే చోట్లుగా అవి ఉండాలి. నెల్లూరులో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగినిగా ఈ మాట రాస్తున్నాను.

చట్టాలు లేక ఈ మాట అనడం లేదు. పదిమంది, లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆదేశించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం 2019లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. వీటన్నింటి మీద ఏడాదికొకసారి గంటసేపు శిక్షణ ఇచ్చి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకుంటే బాధ్యత తీరినట్టేనని చాలా యాజమాన్యాలు భావిస్తున్నాయి. కానీ చట్టం చేయి ఫిర్యాదు దాకా వచ్చిన విషయాన్నే అందుకోగలదు. రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువులో దిగి, ఎదుటివారి కులమతాలు అడగకుండా రొట్టెలు మార్చుకునే ఊరు మనది. అదే ఊళ్లో, భోజన విరామంలో క్యారియర్లు తెరిచే వేళకు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ముందే తేలిపోయి ఉంటుంది. కొత్తగా చేరిన మనిషిని ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్లో ఇల్లు ఏ వైపని అడిగి కులం రాబట్టడం తప్పుగా కూడా ఎవరికీ తోచదు. దీని మీద ఫిర్యాదు రాయడానికి ఏ ఫారమూ లేదు, కానీ అడిగించుకున్న మనిషి మాత్రం మర్నాటి నుంచి ఒంటరిగా తింటాడు.

ఇక్కడే పుస్తకం పనికొస్తుందని నా నమ్మకం. చదివినంత మాత్రాన మనుషులు మారతారా అని అడిగేవారు మన జిల్లా చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో కూర్చుని, తాగుడు వల్ల చితికిపోయే సంసారాల గురించి తమ వాచకంలో ఉన్న పాఠాలు చదువుకున్నారు, చదివినదాన్ని తమ ఇళ్లతో పోల్చుకుని మాట్లాడుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో 1992లో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా అమ్మకాన్ని ఆపించిన తీరు మనందరికీ తెలిసిందే. అది ఊరూరికీ పాకి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించేదాకా వెళ్లింది. ఆ వాచకం పెద్ద గ్రంథమేమీ కాదు. పాఠం వాళ్ల భాషలో ఉంది, వాళ్లు రాగలిగిన వేళకు నడిచింది, చదవడం రాని మనిషి కూడా విని మాట్లాడే వీలు ఇచ్చింది. ఆఫీసు బుక్ క్లబ్బు గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ మూడింటిలోనే ఉంది.

ఎందుకంటే నేను దగ్గరుండి చూసిన ప్రయత్నం ఈ మూడింటినీ వదిలేసింది. ఒక సంస్థలో శనివారం సాయంత్రం ఆరు దాటాక, ఇంగ్లీషు పుస్తకంతో, మేనేజరు అధ్యక్షతన బుక్ క్లబ్బు మొదలైంది. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లకు ఆ వేళ దాటితే బస్సు దొరకదు, దొరికినా ఇంట్లో వంట ఎదురుచూస్తుంటుంది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్ సిబ్బంది కాంట్రాక్టరు మనుషులు కనుక వాళ్లను పిలవాలని ఎవరికీ తట్టనేలేదు. అందరినీ కలుపుకోవడం గురించి చదివే గదిలో చివరికి ఒకే వర్గానికి చెందిన, ఒకే స్థాయి జీతగాళ్లు నలుగురు మిగిలారు. కొన్నాళ్లకు వాళ్లూ మానేశారు.

అందువల్ల సమావేశం పని గంటల్లోనే జరగాలి, ఆ గంటకు జీతం కోయకూడదు. రొయ్యల కంపెనీల్లో షిఫ్టుకు కంపెనీ బస్సులో వచ్చి, షిఫ్టు కాగానే అదే బస్సులో తిరిగి వెళ్లే స్త్రీలకు మరో దారి లేదు. పుస్తకం తెలుగులో ఉండాలి, గదిలో పైకి చదవాలి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చి చీమకుర్తి క్వారీల్లోనో, కృష్ణపట్నంలోనో పనిచేసేవారు ఉన్నచోట, పక్కనుండి హిందీలో చెప్పే ఒక మనిషి కూడా ఉండాలి.

చూపు లేని ఉద్యోగుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడుతున్నారు. పుస్తకం పేజీలను ఫొటోలు తీసి పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పెడితే తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో అక్షరమే కనిపించదు. తెలుగు ప్రచురణకర్తలు చాలాకాలం వాడిన, కొందరు ఇప్పటికీ వాడుతున్న పాత డీటీపీ (కంప్యూటర్ అక్షర కూర్పు) ఫాంట్ల ఫైలు ఇస్తే అది అర్థం లేని శబ్దాలుగా వినిపిస్తుంది. కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉన్న పాఠం కావాలి, లేదా ఎవరైనా చదివి రికార్డు చేసి ఇవ్వాలి. వైకల్యం ఉన్నవారి కోసం పుస్తకాన్ని ఇలా మార్చుకోవడానికి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వీలు కల్పించింది. అలా మార్చిన పుస్తకాలను చూపు లేనివారికి అందించే, 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా ఉంది. వచ్చే నెల పుస్తకం ఏదో ఈ నెలలోనే తేల్చుకుంటే ఇదంతా సాధ్యమే. ముందు రోజు తేల్చితే ఒక మనిషిని బయట నిలబెట్టినట్టే.

ఇంకొక జాగ్రత్త దీనికంటే ముఖ్యం. జాషువా గారు 1941లో రాసిన 'గబ్బిలం' చదివిన రోజున, గదిలో ఉన్న ఒక్క దళిత ఉద్యోగి వైపు అందరూ తిరిగి "మీకూ ఇలా జరిగిందా?" అని అడగడం క్రూరత్వం. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' చదివాక ముస్లిం ఉద్యోగిని తన మతం తరఫున జవాబులు చెప్పమనడమూ అంతే. ఎ. రేవతి జీవితకథకు సత్యవతి గారు చేసిన అనువాదం, 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందిన 'ఒక హిజ్రా ఆత్మకథ', పక్కన పెట్టుకుని ఎవరి శరీరం గురించీ, ఎవరి ఇంటి గురించీ ఆరా తీయకూడదు. పుస్తకం పెట్టుకునేదే, బాధపడిన మనిషి మళ్లీ తన గాయం విప్పి చూపించనక్కర లేకుండా మిగిలినవాళ్లు తెలుసుకోవడానికి. ఆ రోజు మాట్లాడవలసిన బరువు, అడిగించుకునేవాళ్ల మీద కాక, ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చినవాళ్ల మీద ఉండాలి.

ఆఫీసులోకి కులం, రాజకీయం ఎందుకు తెస్తారని కొందరు యజమానులు అభ్యంతరం చెబుతారు. అవి క్యారియర్ల బల్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. వాదన పెరుగుతుందన్న భయం మాత్రం న్యాయమైనదే, కనుక పై అధికారి అధ్యక్షత వహించకూడదు, అక్కడ అన్న మాట జీతాల పెంపు దగ్గరకు రాకూడదు. చర్చలో ఎవరిదైనా వేధింపు బయటపడితే, దాన్ని అక్కడే సర్దేయకుండా, ఆ వ్యక్తి కోరితే, చట్టప్రకారం వినవలసిన కమిటీకే చేర్చాలి.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలు ఈ క్లబ్బుల కోసం ఒకే పుస్తకం పది ప్రతులు కొని, నెలకొక సంస్థకు చొప్పున అరువిచ్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఉద్యోగ సంఘాలు కూడా డిమాండ్ల పత్రంలో ఈ గంటను చేర్చాలి. మొదటి సమావేశానికి నవల అక్కర్లేదు, పది పేజీల కథ ఒకటి చాలు. దాన్ని ఎంపిక చేసే ముగ్గురిలో ఒకరు తప్పకుండా కాంట్రాక్టు సిబ్బంది నుంచి ఉండాలి.

ఇట్లు,
ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగిని,
నెల్లూరు.