గాలాలకు పోయే చేపల లెక్క ఏది?

సంపాదకులకు,

వాన పడితే చాలు, మూసీ మీది గండిపేట ఒడ్డున గాలాలు బారులు తీరుతాయి. పోయిన ఆదివారం ఒకాయన సంచిలో జానెడైనా లేని కొర్రమీను పిల్లలు చూసి ప్రాణం ఉసూరుమంది. మన రాష్ట్ర చేప అది! చెరువుల్లో ఎన్ని చేపపిల్లలు వదిలారో ప్రభుత్వం చెబుతుంది. గాలాలకు ఎన్ని పోతున్నాయో ఎవరు చెప్పాలి?

అమెరికా నదుల్లో బాస్ చేపలకు నంబరున్న చిన్న ట్యాగు గుచ్చి వదులుతారు. పట్టినవాళ్లు ఆ నంబరు తెలిపితే బహుమతి ఇస్తారు. 100 చేపల్లో 20 ఇళ్లకు వెళ్లాయని తేలితే పట్టుబడి కనీసం 20 శాతం. చెప్పనివాళ్లూ ఉంటారు కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. మత్స్యశాఖ కొర్రమీనుతోనే ఈ పని మొదలుపెట్టాలి. ఒడ్డున నిలబడి చేపలు కొలవడానికి నేనూ వస్తాను.

– ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్